బాయ్‌నెట్ మీది అక్షరాలు ఏం చెబుతాయి?



మీలో ఎన్.సి.సి.లో చేరినవాళ్ళు, పోలీసు ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు త్రీనాట్‌త్రీ తుపాకీ గురించి చెప్పనక్కరలేదు. ఆ తుపాకీ మూతికి తగిలించే కత్తినే బాయ్‌నెట్ అంటాం. డ్రిల్లులో వినిపించే హిందీ మాట సంగీన్. తూటాలు అయిపోయినప్పుడు, శత్రువు మరీ దగ్గరకు వచ్చినప్పుడు తుపాకీని బల్లెంగా మార్చడం దీని పని.

సైన్యం నుంచి ఏనాడో బయటపడ్డ పాత బాయ్‌నెట్లు అక్కడక్కడా కనిపిస్తుంటాయి. పాత ఇనుప సామాను కొట్లో ఒకటి, ఎవరింటి అటక మీదో ఒకటి. వాటికి పట్టే గతి రెండు రకాలు. ఒకటి, కిలోల లెక్కన తూకానికి పోయి కొలిమిలో పడి కొడవలో కత్తో అవడం. రెండోది, ‘1857 తిరుగుబాటు నాటిది’, ‘తెల్లదొర నడుముకు కట్టుకున్నది’ అని ఎవరో కథ చెబితే నమ్మి వేలకు వేలు పోసి కొనడం. అమ్ముకున్నవాడూ కొనుక్కున్నవాడూ ఇద్దరూ మోసపోవడానికి కారణం ఒక్కటే. ఆ కత్తి మీద దాని పుట్టుపూర్వోత్తరాలు చెక్కి ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. మన ముసునూరు, నూజివీడు వైపు పిల్లవాడికి చిన్నరసానికీ పెద్దరసానికీ తేడా చూపించనక్కరలేదు. బాయ్‌నెట్లలో జాతులు గుర్తుపట్టడం కూడా అలాంటి అలవాటే. ఏం చూడాలో తెలిస్తే చాలు.

ముందు కొంచెం చరిత్ర. బాయ్‌నెట్ అనే పేరు ఫ్రాన్స్‌లోని బయోన్ అనే పట్టణం పేరు మీద వచ్చిందంటారు. 17వ శతాబ్దంలో మొదటి రకం బాయ్‌నెట్‌ను తుపాకీ గొట్టంలోకే బిరడాలా దూర్చేవారు. దూర్చాక ఇక కాల్చడం కుదరదు. 1689లో స్కాట్లండులో కిల్లీక్రాంకీ దగ్గర సర్కారు సైనికులు వాటిని బిగించుకునేలోపే కొండజాతి వాళ్ళు మీద పడ్డారు. ఆ తర్వాత గొట్టానికి చుట్టూ తొడిగే రకం వచ్చింది. కత్తి పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి తగిలించాక కూడా కాల్చవచ్చు. ఈస్టిండియా కంపెనీ సిపాయిల చేతుల్లో ఉన్నది ఇదే. దీని అలుగు మూడు పలకలుగా, సుమారు 17 అంగుళాలు ఉండేది.

ఆ సిపాయిలు ఎవరు? 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మన మచిలీపట్నం కోట దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించినప్పుడు అతని సేనలో ఎక్కువమంది దేశీ సిపాయిలే. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని చాలాకాలం ‘తిలంగా’ అనే పిలిచారు. 1857లో ఢిల్లీ వాళ్ళు కూడా తిరుగుబాటు సిపాయిలను తిలంగాలనే అన్నారు, వాళ్ళలో దాదాపు ఎవరూ తెలుగువాళ్ళు కాకపోయినా. మన పేరు దేశమంతటా బాయ్‌నెట్ పట్టినవాడి పేరైపోయిందన్నమాట.

1857 నాటి కత్తి అని ఎవరైనా చూపిస్తే మొదట చూడవలసింది ఇదే. కంపెనీ కాలపు మామూలు సిపాయి బాయ్‌నెట్‌కు చెక్కపిడి ఉండదు. గొట్టానికి తొడిగే ఇనుప తొడుగు ఉంటుంది. చెక్కపిడితో చాకులా కనిపించే కత్తిని చూపించి సిపాయి తిరుగుబాటు అంటే నమ్మకండి. 2003లో నేపాల్ పాత ఆయుధాగారంలోని 50 వేలకు పైగా తుపాకులను అమెరికా వ్యాపారులు కొనుక్కుపోయారు. కాట్మండులోని లగన్ సిలేఖానా అనే పాత భవనంలో అవి తరాలుగా మూలుగుతూ ఉన్నాయి. అరుదని అంతవరకూ అనుకున్న కంపెనీ కాలపు రకాలు ఆ తర్వాత సేకరణదారులకు మామూలుగా దొరకసాగాయి. పాతదైనంత మాత్రాన అరుదు కాదు, కొత్తదైనంత మాత్రాన చవక కాదు అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక మనకు ఎక్కువగా కనిపించే రకానికి వద్దాం. త్రీనాట్‌త్రీ తుపాకీ కోసం చేసిన ‘1907 నమూనా’ బాయ్‌నెట్ ఇది. అలుగు 17 అంగుళాలు. పిడితో కలిపితే 21 అంగుళాలు దాటుతుంది. బరువు సుమారు అరకిలో. ఇంత పొడవెందుకంటే, కొత్త తుపాకీ పొట్టిది. ఎదుటివాడి తుపాకీ పొడవైనదైతే బాయ్‌నెట్ పోటులో మనవాడి మొన వాణ్ణి తాకకముందే వాడి మొన మనవాణ్ణి తాకుతుంది. ఆ లోటును కత్తి పొడవుతో పూడ్చారు. ఈ నమూనాను బ్రిటిష్‌వాళ్ళు జపానువాళ్ళ బాయ్‌నెట్ చూసి చేసుకున్నారు. 1904-05లో జపాను రష్యాను ఓడించాక ప్రపంచమంతా జపాను ఆయుధాలను తిరగేసి చూసింది. చివరకు 1940ల్లో బర్మా అడవుల్లో మన సైనికులూ జపాను సైనికులూ ఎదురుపడినప్పుడు రెండు పక్షాల చేతుల్లోనూ ఉన్నవి దాయాది కత్తులే!

అలుగు పొడవునా ఒక గాడి ఉంటుంది. అది రక్తం కారిపోవడానికి అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అదంతా కల్పన. బలం తగ్గకుండా బరువు తగ్గించడానికే ఆ గాడి. అయితే ఈ గాడిని గుర్తుపెట్టుకోండి, మన దేశపు కత్తుల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

చదవవలసిన చోటు అలుగు మొదట్లో, పిడికి ఆనుకుని, పదును లేని వెడల్పు భాగం. దానికి రెండు ముఖాలు. ఒక ముఖం మీద పై నుంచి కిందికి వరుసగా కిరీటం బొమ్మ, రాజు పేరు పొడి అక్షరాలు, 1907 అనే అంకె, తర్వాత నెల, సంవత్సరం, చివర చేసినవాడి పేరు ఉంటాయి. ఇ.ఆర్. అని ఉంటే ఏడవ ఎడ్వర్డు, అంటే 1910 లోపలి మాట. జి.ఆర్. అంటే ఆ తర్వాతి జార్జి. అందరూ బోల్తా కొట్టేది 1907 దగ్గర. అది తయారైన ఏడు కాదు, నమూనా పేరు. దాని కింద చిన్నగా 3, పక్కన 17 అని ఉంటే 1917 మార్చిలో తయారైనదని అర్థం. ఒక్కోసారి ఆ తేదీ దగ్గరే ఇంకా రెండు మూడు సంవత్సరాల అంకెలు కొట్టి ఉంటాయి. అవి బాగుచేసి మళ్ళీ సైన్యానికి ఇచ్చిన ఏళ్ళు. కత్తి ఎన్నిసార్లు ఆసుపత్రికి వెళ్ళి వచ్చిందో అక్కడ లెక్క ఉంటుంది.

రెండో ముఖం మీద బాణం మొన లాంటి గుర్తు ఉంటే అది సర్కారు సొత్తు. గుణకారం గుర్తులా ఉన్నది, అలుగును వంచి చూసి పరీక్షించారన్న ముద్ర. చిన్న కిరీటాలు, అంకెలు తనిఖీ చేసినవాళ్ళవి. పిడి చివరి గుబ్బ మీద కొన్నిటికి పటాలం పొడి అక్షరాలు, వరుస సంఖ్య ఉంటాయి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనవి అవే. ఎవడు చేశాడో ఎలాగూ తెలుస్తుంది. ఎవడు మోశాడో చెప్పగలిగేది ఆ గుబ్బ ఒక్కటే.

ఇప్పుడు అరుదైన రకాలు. 1907 నమూనాలో అందరూ వెతికేది కొక్కెం రకం. మొదట్లో పిడికీ అలుగుకూ మధ్య ఉన్న అడ్డుకమ్మి కింది కొసను కొక్కెంలా ముందుకు వంచేవారు. ఎదుటివాడి అలుగును దానితో పట్టి మెలితిప్పవచ్చని ఆలోచన. ఆచరణలో అది ఎందుకూ పనికి రాలేదు. 1913లో కొక్కెం తీసేశారు. అంతకుముందు చేసినవాటిలో కూడా చాలావాటికి, మరమ్మతుకు వచ్చినప్పుడల్లా, కొక్కెం కోసేశారు. అందుకని కొక్కెం చెక్కుచెదరకుండా మిగిలినవి తక్కువ. 1916లో ఇంకో మార్పు వచ్చింది. కందకాల్లో బురద ఎక్కువ. తుపాకీకి బిగించే సందులో మట్టి కూరుకుపోయి కత్తి పట్టేది కాదు. మట్టి బయటికి పోవడానికి గుబ్బకు అడ్డంగా ఒక రంధ్రం పెట్టారు. పాతవాటికి కూడా తర్వాత తొలిచారు.

కాబట్టి కొక్కెం ఉండి, గుబ్బకు రంధ్రం లేకుండా, తేదీ 1908కీ 1913కీ మధ్య ఉన్నదైతే అది ఎవరూ ముట్టుకోని అసలు రకం. తేదీ 1917 అని ఉండి కొక్కెం కూడా ఉంటే ఎవరో కొత్తగా అతికించారని వెంటనే అనుమానించాలి. ఆస్ట్రేలియాలో లిత్‌గో ఫ్యాక్టరీ కూడా 1913లో మొదలై కొన్ని కొక్కెం కత్తులు చేసింది, ఆ తేదీలు వేరుగా చూసుకోవాలి. అసలైన దానిలో అడ్డుకమ్మి, కొక్కెం ఒకే ముక్కగా సాగగొట్టినవి. నకిలీలో వంపు దగ్గర అతుకు కనిపిస్తుంది, లేదా అతుకు కనపడకుండా ఆకురాయితో రుద్దిన గీతలు కనిపిస్తాయి. అతుకూ లేదు, గీతలూ లేవు అనుకుంటే అప్పుడు ఇనుము రంగు చూడండి. నూరేళ్ళ ఇనుముకూ నిన్నటి ఇనుముకూ ఒకే నలుపు రాదు.

చేసినవాడి పేరు కూడా అరుదును నిర్ణయిస్తుంది. విల్కిన్సన్, శాండర్సన్ పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. అవి లక్షల్లో తయారయ్యాయి. విక్కర్స్ చేసినవి 10 వేల చిల్లరకు మించవంటారు. అమెరికాలో రెమింగ్టన్ 1915-16లో సుమారు లక్ష చేసింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసైన అన్నలకు ఆ పేరు బాగా తెలుసు. టైపు మిషనుకు ఆ పేరు పెట్టిన తుపాకుల కంపెనీయే ఇది. ఇంకో వింత కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో 4వ నంబరు త్రీనాట్‌త్రీ తుపాకీకి కత్తికి బదులు 8 అంగుళాల మేకు లాంటి బాయ్‌నెట్ వచ్చింది. మామూలుగా దొరికే రకం మేకు గుండ్రంగా ఉంటుంది. మొట్టమొదటి రకాన్ని మొన వైపు నుంచి చూస్తే కూడిక గుర్తులా నాలుగు పలకలు కనిపిస్తాయి. 1941-42లో సుమారు 75 వేలు మాత్రమే చేశారు. చేసింది ఎవరనుకున్నారు? స్కాట్లండులోని సింగర్ కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ! మన అమ్మల మిషను మీద ఉన్న పేరే.

ఇక మన దేశపు కత్తులు. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం ఇవే. విదేశీ సేకరణదారుల్లో చాలామంది వీటిని ‘మొరటు పని’ అని పక్కన పెడతారు. మన పాత సామాను వ్యాపారులు కూడా మెరిసే ఇంగ్లీషు కత్తినే ముందు చూపిస్తారు. నేను మాత్రం రెండూ పక్కపక్కన పెడితే మొరటుదాన్నే చేతిలోకి తీసుకుంటాను.

కలకత్తా దగ్గర ఈశాపూర్‌లో రైఫిల్ ఫ్యాక్టరీ 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. దాని ముద్ర ఆర్.ఎఫ్.ఐ. అక్కడ రాజు పేరు జి.ఆర్.ఐ. అని మూడు అక్షరాలుగా ఉంటుంది. చివరి అక్షరానికి లాటిన్‌లో చక్రవర్తి అని అర్థం. ఇంగ్లండులో రాజు, ఇక్కడ చక్రవర్తి. ఆ ఒక్క అక్షరం చూస్తేనే కత్తి మన దేశంలో పుట్టిందని తెలిసిపోతుంది. బాణం మొన గుర్తు పక్కన కూడా ఇండియా అని చెప్పే పొడి అక్షరం ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి 17 అంగుళాల కత్తి అడవుల్లో, లారీల్లో తట్టుకుపోయే బరువైంది. 1940ల మొదట్లో ఇక్కడ 12 అంగుళాల కత్తికి మారారు. ఉన్నవాటిని కోసి పొట్టివి చేశారు, కొత్తవి పొట్టిగానే చేశారు. కోసినదాన్ని ఎలా గుర్తుపట్టాలి? గాడి కోసం చూడండి. పొడుగు అలుగు కోసం తీసిన గాడి కాబట్టి, కోసిన కత్తిలో అది మొన దాకా సాగి అర్ధాంతరంగా ఆగినట్టు ఉంటుంది. కొత్తగా చేసిన మార్క్ 2 రకంలో గాడే లేదు. గాడి తీయడానికి ఒక మిషను, ఒక పనివాడు, కొంత సమయం కావాలి, యుద్ధంలో ఆ మూడూ కరువే. తర్వాతి మార్క్ 3లో పిడిని నున్నగా గుండ్రంగా తీర్చడం కూడా మానేశారు. గుబ్బ నలుచదరంగా, పైన నల్లపూతతో ఉంటుంది. మార్క్ సంఖ్య పక్కన నక్షత్రం ఉంటే ఆ రకంలోనే చిన్న మార్పు జరిగిందని అర్థం. మార్క్ 2 నక్షత్రానికి మొన దగ్గర వీపు వైపు కూడా కొద్దిమేర అంచు తీసి ఉంటుంది. ఇంత చిన్న తేడాకే సేకరణదారులు వేరే అర పెట్టుకుంటారు.

ఈశాపూర్ ఒక్కటే సరిపోలేదు. ఎన్.డబ్ల్యు.ఆర్. అన్న ముద్ర ఉన్న కత్తులున్నాయి. అది నార్త్ వెస్టర్న్ రైల్వే, అంటే లాహోరు రైలు వర్క్‌షాపు. ఎం.ఐ.ఎల్. అంటే లాహోరులోని మెటల్ ఇండస్ట్రీస్. రైలుపెట్టెలు బాగుచేసే చోట బాయ్‌నెట్లు చేశారంటే అప్పటి అవసరం ఎంతటిదో ఊహించండి. 1947లో లాహోరు పాకిస్తాను అయింది. అవిభక్త భారతదేశపు కార్మికుల చేతి పనికి సాక్ష్యంగా ఆ మూడు అక్షరాలు ఇనుము మీద మిగిలిపోయాయి.

అదే సమయంలో ఇటువైపు ఏం జరిగిందో కూడా చూడాలి. 19వ శతాబ్దం చివర ‘యోధ జాతులు’ అనే సిద్ధాంతం పట్టుకుని బ్రిటిష్ సర్కారు మద్రాసు సైన్యాన్ని తగ్గిస్తూ వచ్చింది. తెలుగువాళ్ళు యుద్ధానికి పనికిరారన్నారు. పేరే తిలంగా అయిన సైన్యంలో తెలుగువాడికి చోటు కరువైంది. యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మద్రాసు రెజిమెంటును మళ్ళీ లేపారు, మద్రాసు రాష్ట్రం నుంచి లక్షల్లో చేర్చుకున్నారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. మన పల్లెల నుంచి, మన పేటల నుంచి కూడా పోయినవాళ్ళున్నారు. కూలికి పోతే దొరకని నెలజీతం అక్కడ దొరికింది. గాడి లేని ఈ మొరటు కత్తులు తయారవుతున్న రోజులూ, పనికిరారన్నవాళ్ళను మళ్ళీ పిలిచిన రోజులూ ఒకటే.

మన్యం పేరుతో వచ్చే కథలను కూడా ఇదే పద్ధతిలో పరీక్షించవచ్చు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడి చేసి 26 తుపాకులు, వాటి సామగ్రి పట్టుకుపోయింది. రాజు 1924 మేలో మరణించాడు. ‘ఇది అల్లూరి దళం వాడిన బాయ్‌నెట్’ అని ఎవరైనా చెబితే కోప్పడకుండా తేదీ చూడండి. 1942 అని ఉంటే మాట్లాడవలసిన పనే లేదు. 12 అంగుళాల గాడి లేని అలుగు అయితే తేదీ చెరిగిపోయినా ఆ కథ నిలవదు.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి. సైనికుడికి ఇచ్చిన బాయ్‌నెట్ అతని సొంతం కాదు. ఉద్యోగం మానేటప్పుడు తిరిగి అప్పగించాలి. సైన్యం తనకు అక్కరలేదని అమ్మినప్పుడు బ్రిటిష్ పద్ధతిలో రెండు బాణం మొనలను ఎదురెదురుగా, మొనకు మొన తగిలేలా కొట్టేవారు. సర్కారు దీన్ని వదులుకుంది అని దాని అర్థం. సర్‌ప్లస్ అని నోటితో చెప్పడం వేరు, ఈ గుర్తు ఉండటం వేరు.

గుర్తు ఉన్నా చట్టం ఉంది. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమాల్లో 9 అంగుళాలు దాటిన అలుగు ఉన్న కత్తులు, బాకుల జాబితాలో బాయ్‌నెట్ పేరు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు లేకుండా వీటిని దగ్గర ఉంచుకోకూడదు. 12 అంగుళాలదీ, 17 అంగుళాలదీ రెండూ ఆ కొలత దాటినవే. నూరేళ్ళు నిండిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు అమ్మి పంపడాన్ని 1972 పురావస్తువుల చట్టం నిషేధిస్తుంది. 1917 నాటి కత్తి ఇప్పటికే ఆ వయసు దాటింది. ఉద్యోగం కోసం పోలీసు వెరిఫికేషన్‌కు వెళ్ళవలసిన కుర్రవాడు సరదాకు ఒక బాయ్‌నెట్ కొని ట్రంకుపెట్టెలో పెట్టుకోవడం ఎంత పని చేస్తుందో వేరే చెప్పాలా? హాస్టలుకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తేవద్దు. ఇంట్లో పాతది బయటపడితే పెద్దవాళ్ళతో చెప్పి, వాళ్ళ ద్వారా పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకోవడం మంచిది.

బయటపడిన వెంటనే చాలామంది చేసే పని, గరుకు కాగితంతో రుద్ది తళతళలాడించడం. దానితో ముద్రలన్నీ పోతాయి. అక్షరాల లోతు వెంట్రుకవాసి మాత్రమే. తుప్పు మీద కొద్దిగా మిషను నూనె రాసి మెత్తటి గుడ్డతో తుడవండి, అంతే. చదవడానికి అందరి దగ్గరా ఉండే సుద్దముక్క చాలు. పొడి చేసి ముద్ర మీద అద్ది, వేలితో పైపైన తుడిస్తే గుంటల్లో తెల్లగా అక్షరాలు నిలుస్తాయి. లేకపోతే పల్చటి కాగితం పెట్టి పెన్సిలు పక్కవాటుగా రుద్దండి, నాణెం బొమ్మ దించుకున్నట్టు ముద్ర దిగుతుంది. రెండు ముఖాలూ, గుబ్బ, అడ్డుకమ్మి, ఒర మీది తోలు కూడా వదలకండి. ఒర తేదీ, కత్తి తేదీ ఒకటి కాకపోవడం మామూలే.

చేతిలో కత్తి లేకుండా కూడా నేర్చుకోవచ్చు. హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది దగ్గర అందరిలా రత్నాలు పొదిగిన పిడులు చూసి ముందుకు కదలకండి. అద్దం దగ్గర కొంచెం వంగి, అలుగు మొదట్లో ఏం రాసి ఉందో చూడండి. వంగి చూసేవాళ్ళు తక్కువ కాబట్టి అక్కడ రద్దీ కూడా ఉండదు.